గంధం బొట్టు పెట్టిన మానిటరు

సరిహద్దు కొండ మీది పోస్టుకు చేరేసరికి ఉదయం పదకొండున్నర అయింది. కింది క్యాంపు నుంచి నాలుగున్నర గంటల నడక. ఎత్తు పదహారు వేల అడుగులకు పైన. వీపు మీద ఇరవై రెండు కిలోల సామాను. అందులో మూడు కిలోలు నా పనిముట్లు: మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్, స్క్రూడ్రైవర్ల సంచి, రెండు టేపు చుట్టలు. చివరి మలుపులో మంచు మోకాలి దాకా ఉంది. ఊపిరి అందక ఒక రాతి మీద కూలబడ్డాను. పైనుంచి మన తెలుగు వినిపించింది.

"ఏంన్నా, ఆడనే కూచుంటివి? లెయ్ లెయ్. కూచుంటే కాళ్ళు బిగుసుకుంటాయి."

పోస్టు రేడియో మనిషి. సొంతూరు తమిళనాడు అంచున మా పక్కనే ఉండే పళ్ళిపట్టు. వచ్చే మెకానిక్కుది అత్తిమంజేరిపేట అని జాబితాలో చూసి, పొద్దుటి నుంచీ దారి కాస్తున్నాడట. సెలవుకు పోయేటప్పుడు ఇద్దరమూ తిరుత్తణిలో దిగి బస్సు మారే వాళ్ళమే. ఇన్నేళ్ళూ ఒకే బస్టాండులో టీ తాగి, ఒకరినొకరు చూసుకోలేదు. ఆ రోజు నుంచి వాడు నన్ను అన్నా అన్నాడు, నేను వాణ్ణి రేడియో అన్నాను. పేర్లతో మాకు పని పడలేదు.

ఇప్పుడు ఊళ్ళో ఎవరైనా నన్ను అడిగేది ఒకటే. "మిలిట్రీలో ఎంతమందిని కాల్చినావు?" ఒక్కరినీ కాల్చలేదు. తుపాకీ కన్నా స్క్రూడ్రైవరే ఎక్కువసార్లు పట్టుకున్నాను. భయపడ్డావా అని మాత్రం ఎవరూ అడగరు. అడిగితే చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది.

పోస్టులో పదకొండు మందిమి. మూడు బంకర్లు, ఒక జనరేటరు, ఒక ఇనుప స్తంభం. స్తంభం మీద ఒంటి వేడిని పట్టే కెమెరా. దాని కేబుల్ మా బంకరులోకి వచ్చి ఒక మానిటరులో కలుస్తుంది. అదేమీ గొప్ప యంత్రం కాదు. మీ ఇంట్లో బల్ల మీద ఉండే లాంటి మామూలు కంప్యూటర్ మానిటరే. వేడిగా ఉన్నది తెల్లగా, చల్లగా ఉన్నది నల్లగా చూపిస్తుంది. పొగమంచులో మన కన్ను పది అడుగుల దగ్గర ఓడిపోతే, అది నాలుగు వందల గజాల దాకా లాక్కొస్తుంది. అప్పుడు మనిషి తెర మీద బియ్యపు గింజంత ఉంటాడు.

పోస్టు పెద్ద సుబేదార్ సాబ్. నాకు ఆయన ఇచ్చిన ఆర్డరు ఒక్కటే. ఆయన చెప్పింది హిందీలో, నేను రాస్తున్నది తెలుగులో.

"ఈ తెర ఆరకూడదు. ఆరితే మనమంతా గుడ్డివాళ్ళం."

తెర మీద ఎప్పుడూ కనిపించేది ఒక సన్నటి గట్టు. పేట్రోలింగుకు వెళ్ళినవాళ్ళు దాని మీదుగానే తిరిగి రావాలి. పోస్టు వైపు వచ్చేటప్పుడు ఎడమ పక్క రాళ్ళు, కుడి పక్క ఏమీ లేదు. ఏమీ లేదంటే నిజంగానే ఏమీ లేదు, కింద ఏటి దాకా. గాలికి పేరుకున్న మంచు ఆ అంచు దాటి ముందుకు వేలాడుతుంది. పైన నిలబడినవాడికి అది కూడా నేలలాగే ఉంటుంది. తెర మీద మాత్రం గట్టు బూడిద రంగులో, దాని పక్క లోయ నల్లటి గీతలా కనిపించేది. 

అక్కడికి వెళ్ళిన ఆరో వారంలో ఆయుధ పూజ వచ్చింది. మాది మగ్గాల ఇల్లు. ఆ రోజు మగ్గానికి, పోగును అటూ ఇటూ మోసే నాడెకు, రాట్నానికి కడిగి బొట్టు పెడతారు. అన్నం పెట్టే పనిముట్టు ఏదైతే దానికి గంధం, కుంకుమ పడాల్సిందే. రేడియోకి వాళ్ళమ్మ తిరుత్తణి కొండ నుంచి విభూది, కుంకుమ, గంధం పొడి పార్సిల్ పంపింది. సాబ్ ఒప్పుకున్నాడు. తుపాకులకు, జనరేటరుకు, వంటవాడి గరిటెకు కూడా బొట్లు పెట్టాం. సాబ్ తర్వాత వయసులో పెద్దవాణ్ణని గంధం కలిపే పని నాకు ఇచ్చారు. చన్నీళ్ళు గడ్డకట్టి ఉన్నాయి. టీ కెటిల్లోని వేణ్ణీళ్ళు పోసి కలిపాను. పలచనైపోయింది. సరేలే అనుకున్నాను.

ఊళ్ళో అయితే పూజకు పెట్టిన మగ్గం మీద ఆ రోజు నేయరు. మా మానిటరుకు సెలవు లేదు. వెలుగుతున్న తెర కింద, కుడి మూల, బటన్ల వరస పైన మూడు వేళ్ళతో గంధం రాసి మధ్యలో కుంకుమ పెట్టాను. గంధం కాస్త కారింది. చొక్కా చేతితో తుడిచాను. పైన కారింది తుడిచాను, సందులోకి పోయింది నాకు కనపడలేదు.

మర్నాడు ఉదయం ఆరూ నలభైకి నలుగురు పేట్రోలింగుకు బయల్దేరారు. వైర్‌లెస్ సెట్టు మోసేది, ముందు నడిచేది రేడియోనే. పోయే ముందు మానిటరు దగ్గరకు వచ్చాడు. బొట్టును వేలితో తాకి కళ్ళకద్దుకున్నాడు.

"పోయొస్తాన్నా. మధ్యాన్నం సంగటి చెయ్యమను వంటాయన్ని."

"ఈ కొండ మీద నీకు సంగటెవురు చేస్తారురా? పో పో."

ఒకటిన్నరకు తిరిగి రావాలి. పన్నెండూ పదికి పొగమంచు దిగింది. బంకరు తలుపు నుంచి స్తంభం కనపడలేదు. పన్నెండూ ముప్పై అయిదుకు మానిటరు ఆరిపోయింది.

ఆరి ఊరుకోలేదు. రెండు సెకన్లు వెలిగి ఆరేది, మళ్ళీ వెలిగేది, మళ్ళీ ఆరేది.  నేర్చుకున్న వరసలోనే మొదలుపెట్టాను. కరెంటు చూశాను, రెండు వందల ఇరవై ఎనిమిది వోల్టులు ఉంది. ప్లగ్గు తీగ మార్చాను, అదే తంతు. కెమెరా కేబుల్ మార్చినా అంతే. తెరకు పక్కవాటుగా టార్చి కొట్టి చూశాను. లోపలి లైటు ఒక్కటే పోయి ఉంటే టార్చి వెలుతురులో బొమ్మ లీలగా కనపడాలి. కనపడలేదు. ఇక మిగిలింది వెనక మూత విప్పడం.

ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. అది కరిగిపోవడానికి ఐదు నిమిషాలు ఆగాలి. ఆగకుండా చెయ్యి పెడితే పాము కాటే.

"ఎంతసేపు?" అన్నాడు సాబ్.

"ఐదు నిమిషాలు, సాబ్."

ఆయన సెట్టు వైపు చూశాడు. అప్పుడే రేడియో గొంతు వచ్చింది. నియమం ప్రకారం హిందీలో, కోడు మాటల్లో మాట్లాడాడు. గట్టు మొదట్లో ఉన్నాం, దారి కనపడటం లేదు, ఒకరి బూటులో నీళ్ళు చేరి పాదం తిమ్మిరెక్కింది, ఎక్కువసేపు ఆగలేం అని దాని అర్థం.

"తాడు కట్టుకున్నారా?" అన్నాడు సాబ్.

"కట్టుకున్నాం."

ఒకడు జారితే తాడు వాణ్ణి పట్టి నిలుపుతుందో, నలుగురినీ లాక్కుపోతుందో ఎవరికీ తెలియదు.  సాబ్ మెల్లగా రమ్మన్నాడు. అంతకన్నా ఆయన మాత్రం ఏం చేస్తాడు?

నేను ఐదు నిమిషాలు ఆగలేదు. మూడున్నర నిమిషాలకు మూత ఊడదీశాను. కెపాసిటర్లు ఒక్కటీ ఉబ్బలేదు, ఫ్యూజు బాగుంది. మాడిన వాసన వస్తుందేమోనని ముక్కు దగ్గర పెట్టి చూశాను. గంధం వాసన వచ్చింది.

ముందు చట్రం విప్పాను. బటన్ల వెనక వేలెడు పొడవున్న చిన్న పట్టీ ఉంటుంది. దాని మీద, బంకరు తేమకు మళ్ళీ నాని, పసుపుపచ్చగా, ఎర్రగా, తడిగా నేను కలిపిన గంధం, నేను పెట్టిన కుంకుమ. పవరు బటను కింద తడి చేరి, ఎవరో బటన్ని నొక్కి నొక్కి వదులుతున్నట్టు మానిటరు ఆరి వెలుగుతోంది. అంతవరకూ నా భయం వాళ్ళ కోసం. ఆ క్షణం నుంచి నా కోసం కూడా భయపడ్డాను. సిగ్గు విడిచి చెబుతున్నాను. నలుగురూ అక్కడ గట్టు మీద ఉంటే, ఈ పట్టీ సాబ్ కంట పడితే ఎట్లా అని ఒక్క క్షణం ఆలోచించాను.

బటన్ల పట్టీకి వచ్చే రిబ్బను తీగను పీకేశాను. బటన్లు లేకపోయినా తెర వెలుగుతుంది, చివరిసారి వెలిగి ఉండగా ప్లగ్గు తీసి ఉంటే. తీసినప్పుడు వెలిగి ఉందో, ఆరి ఉందో నాకు గుర్తు లేదు. ప్లగ్గు పెట్టాను. తెర నల్లగా ఉంది. ఇంకా నల్లగానే ఉంది. అప్పుడు వెలిగింది.

బూడిద రంగు గట్టు మీద నాలుగు తెల్ల గింజలు. మూడు గింజలు ఒక వరసలో. ముందున్నది వరస తప్పి తన కుడికి పోయి ఉంది. దానికీ నల్ల గీతకూ మధ్య ఇంకో గింజ పట్టేంత చోటు కూడా లేదు.

సెట్టులో సొంత భాష మాట్లాడకూడదు. హ్యాండ్‌సెట్టు సాబ్ చేతిలోంచి లాక్కున్నాను.

"రేడియో, ఆగురా! కాలెత్తొద్దు! నీ కుడి పక్క ఏమీ లే, అంతా గాలే! ఆగు!"

గరగర శబ్దం. తర్వాత ఊపిరి. గింజ కదల్లేదు.

"ఆగినాన్నా. నేను యాడుండానో నాకే తెలీలే. నువ్వు చూస్తా ఉండావా?"

"చూస్తా ఉండా. ఎడమకు తిరుగు. మెల్లిగా. ఒగడుగెయ్యి. ఇంగొగటి."

"అన్నా, తెర ఆపొద్దున్నా."

"ఆపనురా. నడువు."

ఒంటిగంటా యాభై రెండుకు నలుగురూ బంకరులోకి వచ్చారు. నేను అప్పటిదాకా నిలబడే ఉన్నాను.  సాబ్ నా భుజం తట్టాడు. సొంత భాష మాట్లాడినందుకు ఒక్క మాటా అనలేదు.

"ఏమైంది దానికి?"

"తేమ, సాబ్."

అబద్ధం కాదు, నిజమూ కాదు. అప్పటికే పట్టీని జేబులో వేసుకున్నాను. రేడియో వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వాడి పెదవులు తెల్లగా ఉన్నాయి.

"సామే కాపాడినాడున్నా. పొద్దున ఆ బొట్టుకు మొక్కే కదా నేను పోయింది."

 ఆ డ్యూటీ ముగిసి కిందికి దిగిన రోజు సాబ్ అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. నేనే ఆర్పి, నేనే వెలిగించి, మెప్పు కూడా నేనే పొందాను. చప్పట్లు కొట్టిన వాళ్ళలో అందరికన్నా గట్టిగా కొట్టింది రేడియోనే.

తిరిగొచ్చాక, కొన్నేళ్ళకు ఇద్దరమూ రిటైరయ్యాం. నేను అత్తిమంజేరిపేటలో ఇంట్లోనే కంప్యూటర్లు, మానిటర్లు బాగుచేస్తున్నాను. మా అమ్మాయి కంప్యూటరులో చీరల అంచులకు డిజైన్లు గీస్తుంది. వాడు ప్రతి ఆయుధ పూజకూ పళ్ళిపట్టు నుంచి బస్సెక్కి వస్తాడు. చేతిలో బొరుగులు, అదే మీ మరమరాలు, శనగలు, ఒక గిన్నెలో గంధం. నా మానిటరుకు బొట్టు తనే పెట్టాలి. "నాకు ప్రాణమిచ్చిన దేవుడు ఈడుండాడు" అని మా ఇంటావిడకు ప్రతిసారీ కొత్తగా చెబుతాడు. వాడు పెడుతున్నంతసేపూ నేను బటన్ల సందునే చూస్తుంటాను. వద్దు అంటే ఎందుకు వద్దో చెప్పాలి. వాడు కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోగానే గుడ్డతో ఒత్తి తీసేవాణ్ణి. దొంగలాగా, ప్రతి ఏడూ.

ఈసారి కుదరలేదు. వాడు కాళ్ళు ముందే కడుక్కుని వచ్చాడు. మానిటరు ఎదురుగానే కూర్చుని తిని, అక్కడే చాప మీద కునుకు తీశాడు. మూడు గంటలకు అమ్మాయి కంప్యూటరు వేసింది. పూజ రోజు వాడకూడదని తెలుసు, కానీ ఇప్పటి పిల్లలు వింటారా?

"నాయినా, మానిటరు ఆరి ఆరి వెలగతా ఉండాది."

నా ఒళ్ళంతా చెమట పట్టింది. సొంత ఇంట్లో, ఫ్యాను కింద, పట్టపగలు. రేడియో లేచి కూర్చుని టార్చి తీసుకున్నాడు.

"నేను పట్టుకుంటా. విప్పున్నా."

కరెంటు, తీగ, కేబుల్ ఏదీ చూడలేదు. ప్లగ్గు పీకి, ఈసారి ఐదు నిమిషాలు పూర్తిగా ఆగాను. ఆ ఐదు నిమిషాల్లో వాడికి అంతా చెప్పాను. వేణ్ణీళ్ళ సంగతి, పలచని గంధం, జేబులో వేసుకున్న పట్టీ, సాబ్‌తో చెప్పిన మాట. చెబుతూ వాడి మొహం వైపు చూడలేదు. తర్వాత చట్రం విప్పి చూపించాను. పట్టీ మీద పసుపు, ఎరుపు, తడి.

టార్చి వెలుతురు కాస్త కదిలింది.

"అప్పుడే ఏంటికి చెప్పలేదున్నా?"

"భయమురా."

"నేనంటేనా?"

"నువ్వన్నా, సాబన్నా, సామన్నా. అందురన్నా భయమే."

వాడు టార్చిని పట్టీ మీదే ఉంచాడు. వంటింట్లో మా ఇంటావిడ గిన్నెలు కడుగుతోంది. నాకు ఆ బంకరులో కన్నా ఎక్కువ భయం వేసింది.

"అంచుకు ఎంత దూరంలో ఉంటిని?" అన్నాడు చివరికి.

అది నాకు ఎప్పుడూ కనిపించేదే. ఏ మానిటరు వేసినా వెలిగే ముందు ఒక్క క్షణం తెర నల్లగా ఉంటుంది. ఆ క్షణంలో నల్ల గీత, దాని అంచున తెల్ల గింజ. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. దాన్ని మాటల్లో చెప్పడం నాకు చేతకాలేదు. పూజ పళ్ళెంలోంచి ఒక బొరుగు తీసి బల్ల అంచున పెట్టాను. సగం బయటికి ఉంది. గాలికి పడిపోతుందేమోనని ఫ్యాను ఆపాను.

వాడు వంగి ఆ బొరుగును చూశాడు. టార్చి కింద పెట్టాడు. చూపుడు వేలితో దాన్ని మెల్లిగా, పడిపోకుండా, ఎడమ పక్కకు జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. బల్ల మధ్యకు వచ్చాక వేలు తీశాడు.

"ఇప్పుడు తుడువున్నా దాన్ని," అన్నాడు. "తుడిచి స్విచ్చి వెయ్యి."