నేను మాన్పించిన మందు

శుక్రవారం పొద్దున కువైట్‌లోని అబ్బాసియాలో నేను పనిచేసే బఖాలా కొట్టు షట్టర్ ఎత్తుతుంటే వఫ్రా తోటల నుంచి ఫోన్ వచ్చింది. చిన్నాయన పోయినాడు. ఖర్జూరం చెట్టు దిగి, ఆయాసంతో తోటలోనే కూలబడినాడంట. ఆంబులెన్సు వచ్చేసరికే ఖలాస్ అన్నారు.

ఆయన నాకు రక్తసంబంధం కాదు. ఇద్దరిదీ రాయచోటి పక్క, అంతే. కువైట్‌కు వచ్చిన కొత్తలో నాకు పని దొరికేదాకా తన గదిలో చోటిచ్చి అన్నం పెట్టినాడు.

మీరు ఖర్జూరాలు తినుంటారు గానీ, అవి ఎట్లా కాస్తాయో చూసుండరు. ఫిబ్రవరి, మార్చిలో మగచెట్టు పూత కోసుకొని, ఆడచెట్టు ఎక్కి, గెల గెల మీదా ఆ పుప్పొడి దులపాలి. గాలిని నమ్ముకుంటే కాయ సరిగా పట్టదు. చిన్నాయన దిగేసరికి కనుబొమలకు కూడా పొడి అంటుకొని ఉండేది. "పౌడర్ కొట్టుకున్యా, పెండ్లికి పోతాండా" అనేవాడు.

ఆ పొడే ఆయనకు పడదు. ముందు తుమ్ములు, తర్వాత కండ్లు ఎర్రబారడం, ఆ పైన ఛాతీలో పిల్లికూతలు. క్లినిక్కులో రెండు పంపులు ఇచ్చినారు. ఒకటి బాగున్నా రోజూ పీల్చేది, ఇంకొకటి ఆయాసం వచ్చినప్పుడు. చెట్టు దిగితే గుడ్డలు గది బయటే విప్పి, తల కడుక్కొని గానీ లోపలికి వచ్చేవాడు కాదు. "పొడిని పక్కలోకి తెచ్చుకుంటే అది నా ఎద మీదనే పండుకుంటాది అబ్బీ."

మొన్న జనవరిలో నేనొక కరపత్రం చదివినాను. మందుల కంపెనీలు రోగం తగ్గించవు, రోగిని పెంచి పోషిస్తాయని అందులో ఉంది. నా రక్తం ఉడికింది. వఫ్రాకు పోయి రోజూ పీల్చే పంపు ఆయన చేతిలోంచి లాక్కున్నాను.

"ఇప్పుడు ఆయాసం ఉందా నీకు?"

"లేదబ్బీ."

"మరి దేనికి? బతికినన్నాళ్లూ వాళ్లకు గిరాకీగా ఉండడానికా? మాస్కు ఇయ్యని కఫీల్‌ను, ఆ తోట యజమానిని అడగవు, వాళ్లిచ్చింది మాత్రం నోరు మూసుకొని పీలుస్తావు!"

ఆయన నవ్వినాడు. "నువ్వు మైకు ముందర పుట్టినావురా. సరే, సదువుకున్నోనివి. నీ మాట ఇంటాలే."

విన్నాడు.

ఆయన పోయినాక క్లినిక్కు నర్సును అడిగినాను. లోపలి వాపును అణచిపెట్టేది ఆ రోజువారీ మందేనట. పూత రాకముందు నుంచే వాడాలట, అది మానేస్తే రెండోది ఒక్కటే ఆదుకోలేకపోవచ్చట. ఐదు నిమిషాల్లో చెప్పింది. ఆ ఐదు నిమిషాలు జనవరిలో నాకు దొరకలేదు. కరపత్రం మాత్రం మూడుసార్లు చదివినాను. కంపెనీల మీద కోపం నాకు ఇప్పటికీ ఉంది. ఆ కోపానికి ఆయన ఊపిరిని ఒడ్డే హక్కు నాకెవరిచ్చినారు?

ఊర్నుంచి చిన్నమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. "నువ్వుంటివి గాబట్టే యాళకు మందు ఏసుకుంటాండె నాయనా" అన్నది. నేను "ఊ" అన్నాను. ఆ "ఊ" పది రోజులు నన్ను అన్నం తిననీయలేదు.

ఇది మీరు చదివేలోపు ఆమెకు తెలియాలని నిన్న నేనే ఫోన్ చేసి అంతా చెప్పినాను. ఆమె ఫోన్ పెట్టలేదు. అవతల ఆమె ఊపిరి తీసుకోవడం, వదలడం వినబడుతూనే ఉండింది. నేను ఫోన్ చెవి దగ్గర్నుంచి తీయలేదు.