మూడో కుప్ప

తొంభైల చివర్లో ఒక మధ్యాహ్నం, యారాడ కొండమీద బస్సు కోసం కూర్చున్నాను. పక్కనున్న పెద్దాయన విదేశీ ఓడల్లో పనిచేసి వచ్చానన్నాడు. ఉడకబెట్టిన వేరుశనక్కాయల్ని కాగితం మీద ఒక్కొక్కటే వేస్తూ మూడు కుప్పలు చేస్తున్నాడు.

“ఇదొకటి నీది బాబూ.”

“ఉన్నది ఇద్దరమే కదా, మూడెందుకు?” అన్నాను. అడక్కుండా ఉండాల్సింది.

“ఓడ మునిగిపోనాక లైఫ్‌బోటులో ముగ్గురం. నాను, మా తమ్ముడు, డెన్మార్కు ఆఫీసరు. బిస్కట్లు, నీళ్లు ఆయనే కొలిసి పంచీవోడు. రేషన్ అంటే వాటా అట. ఆళ్ల బాసలో రెసాంగ్ అంటే సబబు అట. ఇంగ్లీషు రీజన్ దానికి సుట్టమట. ఈ మాటలన్నిటికీ వేరు ఒకటేనని సెప్పీవోడు, పొద్దుపోవాలి కదా. వాటాలు సమానంగానే ఏసినాడు. మరి మా తమ్ముడొక్కడే ఎందుకు పోనాడని అడిగితే, ఆయన మిగిలిన బిస్కట్లు రెండు వాటాలేసినాడు.”

కింద మలుపులో బస్సు హారన్ వినిపించింది. కుప్పలు సమానంగా వచ్చాయి, ఒక్క కాయ మిగిలింది. నేను సబబు అడుగుతాననుకున్నాడేమో, నా మొహంలోకి చూశాడు.

“ఆడు సిన్నోడు బాబూ,” అని దాన్ని మూడో కుప్పలో పెట్టాడు.