నక్షత్రం గుర్తు లేని ప్రశ్న

పెనుకొండలో బడిపంతులుగా చేరిన కొత్తలో, సాయంత్రాలు ఏం చేయాలో తెలియక పార్లమెంటు గురించి చదవడం మొదలుపెట్టాను. ప్రైవేటుగా ఎం.ఏ.కు కట్టానన్నది పైకి చెప్పుకున్న కారణం. అసలు కారణం, బడి వదిలాక మర్నాడు పొద్దునదాకా నాతో మాట్లాడే మనిషి లేకపోవడం. అప్పటికే అమ్మా నాయనా పోయారు. హిందూపురంలో అద్దె ఇల్లు ఖాళీ చేశాం. చేశాం అంటున్నాను గానీ, చేసింది నేనొక్కణ్ణే.

బెంగళూరులో పాత పుస్తకాలమ్మే చోట కొన్న సభా నియమాల పుస్తకం ఒకటి, పాత చర్చల సంపుటాలు రెండు నా దగ్గర ఉండేవి. వాటిని గదిలో గట్టిగా చదివేవాణ్ణి. స్పీకరు మాటలు ఒక గొంతుతో, మంత్రి మాటలు ఒక గొంతుతో, అడ్డు తగిలే సభ్యుడివి ఇంకో గొంతుతో. ఒకరోజు ఇంటి ఓనరమ్మ తలుపు తట్టి, "ఎవరో వచ్చినట్లుండాదే అప్పా, కాఫీ పంపియ్యల్లా?" అని అడిగింది. ఎవరూ రాలేదమ్మా, నేనే చదువుకుంటున్నానన్నాను. ఆమె లోపలికి తొంగి చూసి, నిజంగానే ఎవరూ లేరని రూఢి చేసుకుని, కాఫీ మాత్రం పంపింది. ఆ తర్వాత గొంతు తగ్గించి చదివాను.

తోటి పంతుళ్లకు ఇదంతా వేళాకోళం. "ఏమప్పా, వచ్చే ఎలక్షన్‌కు నిలబడతాండావా ఏంది?" అనేవాళ్లు. నేను మొహం ముడుచుకునేవాణ్ణి. వాళ్లతో నవ్వితే వాళ్లతో కూర్చోవాలి, కూర్చుంటే పేకాట ఆడాలి. నా ఒంటరితనంలో సగం నేను చేతులారా తెచ్చుకున్నదే.

ఆదివారం మాత్రం ధర్మవరం పోయేవాణ్ణి. నాయన మగ్గం వదిలి హిందూపురంలో మిల్లు పనికి చేరినా, ఆయన తమ్ముడు, మా చిన్నాయన, ధర్మవరంలోనే పట్టుచీరలు నేస్తూ ఉండిపోయాడు. పొద్దున ప్యాసింజరులో పోయి, పిన్నమ్మ పెట్టే సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి తిని, సాయంత్రం బండికి తిరిగి వచ్చేవాణ్ణి. నా చదువు గురించి నిజంగా తెలుసుకోవాలని అడిగింది లోకంలో చిన్నాయన ఒక్కడే. సభలో రోజూ ఒక గంట ప్రశ్నలకే కేటాయిస్తారని చెప్పినరోజు, ఆయన మగ్గం మీద ఆడుతున్న నాడె ఆపి నా వైపు తిరిగాడు.

"మంత్రి అయినా జవాబు చెప్పల్లా?"

"చెప్పాల్సిందే చిన్నాయనా."

"బలే ఉండాదే," అని చాలాసేపు నవ్వుకున్నాడు.

ఎనభైలు వచ్చాక పట్టునూలు కరువైంది. చిన్నాయన మగ్గం వారాల తరబడి ఖాళీగా ఉండేది. బెంగళూరులో మరమగ్గాల షెడ్డు వాళ్లు పనికి రమ్మంటున్నారని, ఊళ్లో సర్కారు నూలు డిపో పెడితే తప్ప తాము ఉండలేమని పిన్నమ్మ చెప్పింది. వాళ్లు పోతే నాకు ఆదివారం లేదు. అప్పుడు నేను నేతగాళ్ల మేలు కోసమే తపించిపోయానని చెప్పుకుంటే అది బొంకు. నాకు ఆ ఇల్లు కావాలి.

అందుకని ఒక పార్లమెంటు సభ్యుడికి ఉత్తరం రాశాను. మా బాధ వెళ్లబోసుకోలేదు. సభలో అడగడానికి వీలుగా, నియమాల ప్రకారం ప్రశ్నే తయారుచేసి పంపాను. చిన్నాయన మాటల్నే ముందర పెట్టుకుని కూర్చున్నాను. "పట్టు దొరకల్యా. దొరికినా నిప్పు మాదిరి ఉండాది, ముట్టుకోలేం. షావుకార్లు దాచిపెట్టి ఆడిస్తాండారు. మాకు మగ్గం తప్ప ఏం చేతనవుతాది? ఈ గవర్మెంటుకు కండ్లు లేవా?" ప్రశ్నలో వాదన ఉండకూడదు, ఆరోపణ ఉండకూడదు, వ్యంగ్యం ఉండకూడదు. నిప్పు కొట్టేశాను. షావుకార్లను కొట్టేశాను. మగ్గం తప్ప ఏం చేతనవుతాదన్నది వాదన, అదీ పోయింది. కండ్లు సరే సరి. చివరికి మిగిలింది ఇంతే: ధర్మవరంలో నూలు లేక ఖాళీగా ఉన్న మగ్గాలెన్ని, అక్కడ డిపో తెరిచే ఆలోచన ప్రభుత్వానికి ఉందా? రాసుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను.

సభ్యుడు పెద్దమనిషి. నెల తిరక్కుండా కార్డు రాశాడు. ప్రశ్న అనుమతి పొందింది, అయితే నక్షత్రం గుర్తు లేదు. ఆ గుర్తు ఉన్నవాటికి మంత్రి లేచి నోటితో జవాబు చెబుతాడు, లేనివాటికి కాగితం మీద ఇస్తాడు. నాకు కాగితమే చాలనిపించింది.

ఈ సంగతి చిన్నాయనకు చెప్పలేదు. ప్రశ్నకు అనుమతి వచ్చి సభ్యులకు పంచేదాకా దాన్ని బయట పెట్టకూడదని నియమం ఉంది. అది సభ్యులకు పెట్టిన నియమం, చిన్నాయనలకు కాదు. కానీ నేను నియమాల పుస్తకంతో కాపురం చేస్తున్నవాణ్ణి. అనుమతి వచ్చాక కూడా, జవాబు వచ్చినాక ఆ కాగితం ఒకేసారి ఆయన చేతిలో పెట్టాలని ఆశపడి ఊరుకున్నాను.

మొదటి జవాబులో, సమాచారం సేకరించి సభ ముందు ఉంచుతామని ఉంది. ఆ సేకరణ అంటే ఏమిటో నాకు పుస్తకం చదివి తెలుసు. దిల్లీ నుంచి హైదరాబాదుకు, అక్కడినుంచి జిల్లాకు కాగితం దిగుతుంది. చివరికి ఒక మనిషి పుస్తకం, పెన్ను పట్టుకుని ఏదో ఒక వీధిలోకి వస్తాడు. ఆ చివరి మాట నా పుస్తకంలో లేదు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం పోతే, చిన్నాయన ఇంట్లో మగ్గం లేదు. నేసేటప్పుడు కాళ్లు పెట్టుకునే గుంత ఉండాల్సిన చోట చాప పరిచి ఉంది. దాని మీదే నాకు సంగటి వడ్డించారు. పిన్నమ్మ నవ్వు ఆపుకోలేకపోతోంది. మూడు రోజుల కింద మగ్గాలు లెక్కపెట్టే మనిషి వచ్చాడట. వీధి మొదట్లో కనబడగానే గోడల మీదుగా మాట పాకింది. ఖాళీ మగ్గం ఉన్న ప్రతి ఇంట్లో పైసామాను విప్పి అటక మీద పెట్టి, గుంత మీద పలకలు వేసి, చాప పరిచి కూర్చున్నారు.

"లెక్కకొచ్చినోడు యాడన్నా మంచికొచ్చినాడా?" అన్నాడు చిన్నాయన. "మా అవ్వ చెప్పేది, ఒకప్పుడు మగ్గానికింత అని పన్ను ఉండేదంట. అప్పుట్నుంచీ మా ఈదిలో ఇదే. మగ్గం లేదన్నాం, పోయినాడు."

ముద్ద కలుపుతూనే లెక్క వేసుకున్నాను. పనిలో ఉన్న మగ్గాన్ని దాచడం కుదరదు, పడుగు నిండా పట్టు ఉంటుంది. ఖాళీవే దాచారు. అంటే లెక్కలోకి ఎక్కిన మగ్గాలన్నీ పనిలో ఉన్నవే. ఆ నిమిషంలోనైనా చెప్పవలసింది. వాళ్లిద్దరూ అంత సంతోషంగా నవ్వుతుంటే నోరు రాలేదు. గదికి వచ్చి, ఆ మనిషిని పంపిన జిల్లా ఆఫీసుకు ఉత్తరం రాశాను, మళ్లీ లెక్కపెట్టండని. పంపితే ఆ వీధి అంతా అబద్ధమాడిందని నేనే సంతకం పెట్టినట్టవుతుంది. చించేశాను.

సభ్యుడు పంపిన రెండో కాగితం వానాకాలంలో వచ్చింది. ధర్మవరంలో ఖాళీ మగ్గాలు చెప్పుకోదగినన్ని లేవు, కనుక డిపో ప్రతిపాదన లేదు. చాలా మర్యాదైన భాష. తప్పు వెతికాను, ఒక్కటీ దొరకలేదు.

చిన్నాయన, పిన్నమ్మ బెంగళూరు బయల్దేరిన రోజు నేను పెనుకొండ స్టేషనులో నిలబడ్డాను. వాళ్ల బండి అక్కడ కాసేపే ఆగుతుంది. కిటికీ దగ్గరికి పోయి, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేశాను. ప్రశ్న అడిగించింది నేనని, ఆ మనిషి వచ్చింది దానికేనని, చెప్పకూడదని నియమం ఉంటే చెప్పలేదని.

పిన్నమ్మ తల తిప్పుకుంది. చిన్నాయన కమ్మీల్లోంచి చెయ్యి చాచి నా భుజం పట్టుకున్నాడు. కోపం లేదు. అర్థం కాక అడుగుతున్నట్టే అడిగాడు.

"మాతో చెప్పేదానికేమప్పా? మేం పరాయోళ్లమా నీకు?"

బండి కదిలింది. ఆయన నా భుజం వదలక తప్పలేదు.