స్టెడీగానే ఉందన్నాను

ఈ సంగతి నా భర్తకు కూడా తెలీదు. ఇన్నేళ్ళు మోశాను, ఇక మొయ్యలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ డాక్టరుని. పెనుగొండ వైపు నుంచి టైల్స్ వేసే కుర్రాణ్ణి తెచ్చారు. బైకు మీంచి పడ్డాడు. బ్రెయిన్ డెడ్ అని తేలాక అతని భార్య సత్యవేణి, ఏడుస్తూనే, అవయవాలు ఇస్తానంది. కాలేయం విశాఖలో చావుబతుకుల్లో ఉన్న ఒక మాస్టారికి. తీసుకెళ్ళే సర్జన్ పొద్దున్నే వచ్చేశారు.

మా యాజమాన్యం ఆగమంది. టీవీ వాళ్ళు రావాలట, పూలు చల్లి సాగనంపాలట. బ్రెయిన్ డెడ్ అయిన ఒంట్లో గుండె మందుల మీదే కొట్టుకుంటుంది. ఆలస్యమయ్యేకొద్దీ ఏ క్షణాన్నయినా బీపీ జారిపోవచ్చు, జారితే కాలేయం దెబ్బతింటుంది. అంతా తెలిసి కూడా నోరెత్తలేదు. ఎందుకు? ఉద్యోగం పోతుందనా? కాదు. ఇంటికి ఫోన్ చేసి ఇస్త్రీ చీర తెప్పించుకున్నాను. టీవీలో కనబడతానని.

చీర మార్చుకుంటుండగా బీపీ పడిపోయింది. పరుగెత్తుకొచ్చి మందులు పెంచాను. చాలాసేపటికి గానీ నిలబడలేదు. చార్టులో రాయొద్దని నర్సుకు చెప్పాను.

థియేటర్‌లోకి తీసుకెళ్ళే ముందు సర్జన్ అడిగారు. "మధ్యలో బీపీ ఏమైనా పడిందాండి? పడితే చెప్పండి. కాలేయం ముక్క పరీక్ష చేయించాకే తీసుకెళ్తాను."

"లేదండి. స్టెడీగానే ఉంది," అన్నాను.

అమర్చిన కాలేయం పనిచెయ్యలేదు. ఇంకొకటి దొరికేలోపే మాస్టారు పోయారు.

నా వల్లేనా? ఒక్కోసారి అన్నీ సరిగ్గా జరిగినా పనిచెయ్యదని పుస్తకాల్లో ఉంది, ఆ వాక్యాన్ని పట్టుకుని ఎన్నాళ్ళో బతికాను. కానీ నిజం చెప్పుంటే ఆ సర్జన్ పరీక్ష చేయించేవారు, వద్దనుకునేవారేమో, మాస్టారు ఇంకొకరి కాలేయం కోసం ఇంకొన్నాళ్ళు ఆగేవారేమో. ఆ 'ఏమో'ని నేనే లేకుండా చేశాను.

మొన్న మెయిన్ రోడ్డులో సత్యవేణి ఎదురైంది. పక్కన కూతురు, యూనిఫాంలో. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"మా ఆయన కాలేయం పెట్టించుకున్నాయన బాగున్నారాండి? పేరేం చెప్పొద్దులెండి. బాగున్నారని చెప్తే చాలు."

బాగున్నారమ్మా అన్నాను. ఆమె కూతురి వైపు తిరిగి, "చూశావా, నాన్న ఉన్నాడు," అంది.

ఆ పిల్ల నవ్వింది. ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. వాళ్ళకు ఎప్పటికైనా చెప్పగలనా? తెలియదు. మీకు మాత్రం చెప్పేశాను.