రత్నం అన్న జేబులో మూడు ఫ్యూజులు

నిన్న మధ్యాహ్నం ఆఫీసులో మీటింగ్ మధ్యలో చేవెళ్ల నుంచి ఫోన్ వచ్చింది.

"రత్నం అన్న పోయిండు."

నా నోట్లోంచి మొదట వచ్చిన మాట: "ఏ మోటర్ దగ్గర?"

సిగ్గుపడాల్సిన మాటే. కానీ ఆయన్ని ఎరిగిన వాళ్లం ఎవరమైనా అదే అడిగి ఉంటాం.

"మోటర్ గాదు. ఇంట్లనే. అన్నం తిని కుర్చీల ఒరిగిండు. గుండె ఆగిందట."

ఫోన్ పెట్టేసి ఏడ్చాను. ఏడుస్తూనే, చెప్పడానికి అదోలా ఉంది, ఊపిరి పీల్చుకున్నాను.

తెలియని వాళ్లకు చెప్తున్నా. రత్నం అన్నది చేవెళ్లలో మోటర్ వైండింగ్ షాపు. బోరు మోటర్ కాలితే ముడిమ్యాల, సురంగల్ రైతులు కూడా ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

వైరులో కరెంటు ఉందో లేదో చూడడానికి టెస్టర్ వాడేవాడు కాదు. వేలి వెనక భాగంతో అలా తాకేవాడు. "జర చిమచిమ అంటది, అంతే" అనేవాడు.

ఆయన భార్య కరుణక్కకు ఆ వేలంటే వణుకు. ఆమె సొంత తమ్ముడు మోటర్ ఆన్ చేసే స్టార్టర్ డబ్బా దగ్గరే షాక్ కొట్టి పోయాడు. "ఈయనను గూడ కరెంటే తీస్కపోతది చెల్లె" అని నాతో ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు.

నేను చెప్పేది ఐటీ బూమ్ రోజుల మాట. మొయినాబాద్ నుంచి కంపెనీ క్యాబ్‌లో హైటెక్ సిటీకి వెళ్లొచ్చేదాన్ని. మా ఆఫీసులో కొందరు హామ్ రేడియో క్లబ్ పెట్టారు. సొంతంగా వైర్‌లెస్ సెట్టు పెట్టుకుని మాట్లాడాలంటే లైసెన్స్ కావాలి. దానికో పరీక్ష.

మా బోరు మోటర్ బాగుచేయడానికి వచ్చిన అన్న నా చేతిలో ఆ పుస్తకం చూశాడు.

"గీ పరీక్ష నేను రాయొచ్చా చెల్లె?"

పదో తరగతి తప్పిన మనిషి. రాయొచ్చన్నాను. ఆదివారం చర్చి అయ్యాక మా వరండాలో క్లాసు.

మొదటి క్లాసులోనే గొడవ. ఓమ్స్ లా చెప్పి, ఓల్టేజీ సగానికి తగ్గితే కరెంటు ఏమవుతుందని అడిగాను.

"పెరుగుతది" అన్నాడు.

తగ్గుతుందన్నాను. పెరుగుతదనే అన్నాడు. మాక్ టెస్టులోనూ అదే రాశాడు. నాకు ఒళ్లు మండింది. ఇంజనీరింగ్ చదివిన పొగరు కూడా ఉండేది, దాచుకోవడం ఎందుకు. "బుక్కుల ఉన్నది గూడ నమ్మవా అన్నా?" అని కసిరాను.

ఆయన నన్ను బండెక్కించుకుని మా పొలానికి తీసుకెళ్లాడు. అందరి మోటర్లూ నడిచే టైము. స్టార్టర్ డబ్బా మీద రెండు మీటర్లు. ఓల్టేజీ ముల్లు కిందికి దిగుతోంది, కరెంటు చూపే ఆంపియర్ ముల్లు పైకెక్కుతోంది.

"లో ఓల్టేజీకే గదా మోటర్లు కాలేది. అవి కాలకుంటే నేనెట్ల బతుకుత?"



వారమంతా క్యాబ్‌లో అదే ఆలోచన. మళ్లీ ఆదివారం బకెట్లో వేసే వాటర్ హీటర్ తెచ్చి ఆయన ముందు పెట్టాను. లో ఓల్టేజీలో ఇదెట్లా పనిచేస్తుందని అడిగాను.

"నీళ్లు జల్ది కాగయి. కరెంటు తక్కువ గుంజుతది గదా."

అన్నాక తనే ఆగిపోయాడు. హీటర్‌ను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"మోటర్ నీళ్ల బరువు ఎత్తాలె. ఓల్టేజీ తగ్గినా ఆ బరువు తగ్గదు, అందుకే ఎక్కువ గుంజుతది. హీటర్‌కు ఎత్తే బరువే లేదు. పరీక్షల అడిగేది హీటర్ ముచ్చట."

ఇంత బాగా నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

అక్కణ్నుంచి లెక్కల పిచ్చి పట్టింది ఆయనకు. సేఫ్టీ చాప్టర్‌కు వచ్చాం. మనిషి ఒంటికీ రెసిస్టెన్స్ ఉంటుంది, తడి చేతులైతే అది వెయ్యి ఓమ్‌లకు పడిపోవచ్చు అని ఉంది. రెండొందల ముప్పై ఓల్టులను వెయ్యితో భాగించాడు. గుండె ఆగడానికి ఆ వచ్చిన కరెంటులో సగం చాలని పక్క పేజీలో ఉంది. మళ్లీ చేశాడు. మూడోసారి నా క్యాలిక్యులేటర్ అడిగాడు.

తర్వాత తన వేలు చూసుకున్నాడు.

"ఇన్నేండ్లు ఎట్ల బతికిన చెల్లె? ఎండకాలం అంటే పొడి చెప్పులున్నయి. వానకాలం దేవుడే."

మర్నాటి నుంచి కొత్త పద్ధతి. ఏ పొలానికి వెళ్లినా ముందు మోటర్‌కు కరెంటు వచ్చే మూడు ఫ్యూజులూ పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. అవి తన దగ్గరుంటే ఇంకెవరూ పొరపాటున కరెంటు ఇవ్వలేరు. చాయ్‌కి వెళ్లినా జేబులోనే. పనయ్యాకే తిరిగి పెట్టడం. "చదవేస్తే ఉన్నమతి పోయింది రత్నానికి, భయం నేర్చిండు" అని రైతులు ఆటపట్టించేవాళ్లు. తనూ నవ్వేవాడు. ఫ్యూజులు మాత్రం ఇచ్చేవాడు కాదు.

పరీక్ష ఇద్దరం పాసయ్యాం. నాకంటే ఆయనకే ఎక్కువ మార్కులు. "హీటర్‌ను యాది చేస్కున్న" అన్నాడు.

నిన్న సాయంత్రం నేను వెళ్లేసరికి ఇంటి ముందు టెంటు వేస్తున్నారు. కరుణక్క గోడకు ఆనుకుని కూర్చుంది, కళ్లు పొడిగా ఉన్నాయి. ఇంతలో సురంగల్ రైతు ఒకాయన వచ్చాడు. దండం పెట్టి, ఎట్లా అడగాలో తెలియక నిలబడ్డాడు.

"అక్కా, పొద్దుగాల అన్న మా మోటర్ ఇప్పిండు. అన్నం తినొస్త అన్నడు. ఫ్యూజులు..."

అక్క లేచి, మేకుకు వేలాడుతున్న అన్న చొక్కా జేబులో చెయ్యి పెట్టింది. మూడూ ఉన్నాయి.

"ఇంకొకలను పిలుచుకో. పనయ్యేదాక ఇవి నీ జేబులనే పెట్టుకో" అని ఆయన చేతికిచ్చింది.

వచ్చి నా పక్కన కూర్చుంది.

"చూసినవా చెల్లె. కరెంటు తీస్కపోలే."

అప్పుడు ఏడ్చింది, గట్టిగా, నా భుజం మీద తల పెట్టి.

రేడియోలో సెలవు తీసుకునేటప్పుడు 'సెవెంటీ త్రీ' అంటాం. సెవెంటీ త్రీ అన్నా. ఫ్యూజులు ఇచ్చేశాం, ఫికర్ చెయ్యకు. ప్రభువు ఒడిలో నిమ్మళంగా పడుకో.