మాడు రొట్టెలు

ఉమ్ హాతిం, అంటే హాతిం తల్లి, బాగ్దాద్‌లో ఒక సందు మొదట్లో రొట్టెలు కాల్చి అమ్ముతుంది. కొడుకుని నియంత మనుషులు పట్టుకుపోయారు, మళ్లీ ఆచూకీ లేదు. పదవి ఊడిన ఆ నియంత మీద విచారణ రేడియోలో వచ్చిన రోజుల్లో సందుకంతా మాడు రొట్టెలే గతి. జడ్జి గొంతు వినబడితే చాలు, పొయ్యిలో రొట్టె మరిచిపోయి, పిండిముద్ద చేత్తో పట్టుకుని నిలబడిపోయేది. "మావాణ్ణి ఎక్కడ పాతిపెట్టాడో అడగవయ్యా!" అని రేడియోని కసిరేది. "వాడికి ఉరి ఖాయంలే పిన్నీ, ముందు రొట్టె చూడు," అనేవాళ్లు రొట్టెలకొచ్చినవాళ్లు. "ఉరికేం తొందర? ముందు వాణ్ణి నోరు విప్పనివ్వండి."

బక్రీదు పండగనాడు తెల్లవారుతూనే నియంతని ఉరి తీశారు. పొరుగింటి నజ్లా మిఠాయి పట్టుకొచ్చింది. "న్యాయం జరిగింది పిన్నీ, నోరు తీపి చేసుకో!"

"చెప్పాడా?"

"ఏం చెప్పాలి?"

ఉమ్ హాతిం రేడియో కట్టేసింది. ఆ రోజు నుంచి ఆమె పొయ్యిలో ఒక్క రొట్టె మాడలేదు.