పడవ వంటింట్లో వదిన లేని ఏడాది

మా ఇంట్లో ఆషాఢం అంటే పడవ. పెళ్లిళ్లు లేని నెల కాబట్టి టెంటుహౌసుల వాళ్లు జంపఖానాలు కొనరు. మా ఊరి కొత్తవాడ మగ్గాల మీద నేసినవి నేసినట్టే అన్న దుకాణంలో దొంతర్లుగా పడి ఉంటాయి. అటు కేరళలో అదే నెలలో వానలు దంచికొడతాయి కనుక హౌస్‌బోట్ల కిరాయి దిగుతుంది. ఇక్కడ బేరాల్లేని నెలా అక్కడ బేరాల్లేని నెలా ఒకటే కావడం అన్నలోని వ్యాపారికి ఎంత నచ్చిందంటే, మొదటిసారి వెళ్లివచ్చాక దాన్ని ఏటా జరగాల్సిన కార్యం కింద ఖాయం చేసేశాడు.

కాశిబుగ్గలో మాది ఒకే ఇల్లు. కింద అన్న, వదిన, వాళ్ల బిడ్డ, అమ్మ. పైన నేనూ నా భార్యా. నా భార్య బడిలో టీచరు, నేను పత్రికాఫీసు నుంచి ఏ వేళకు వచ్చేవాణ్ణో నాకే తెలిసేది కాదు. అందుకే పొయ్యి మొదటి నుంచీ కిందే, వదిన చేతిలోనే. నేను రిటైరయ్యాక కూడా ఆ ఏర్పాటును మార్చాలని ఎవరికీ తోచలేదు.

ఈసారి టికెట్ల మాట ఎత్తింది అన్న. రాత్రి భోజనాలయ్యాయి. మడికొండలో కంప్యూటర్ ఉద్యోగం చేసే అన్న బిడ్డ ఫోను పట్టుకుని తేదీలు చూస్తోంది.

"నాకు సుత తీయుండ్రి," అంది వదిన పళ్లేలు తీస్తూ. "కాని ఒక్క మాట. ఈసారి పడవ వంటింట్ల నేను కాలు పెట్ట. పెట్టిన్ననుకో, గదే ఆఖరు. వచ్చే ఆషాఢం మీరే పోండ్రి, నేను ఇంట్ల కాళ్లు చాపుకొని పండుకుంట."

వదిన పళ్లేలు కింద పెట్టింది.

"కేరళ కేరళ అంటరు. నేను చూసిన కేరళ ఎంతనో ఎరికేనా? గింత." రెండు చేతులతో గాలిలో చిన్న చతురస్రం చూపించింది. "ఎనుక వంటింటి కిటికీ. మీరు ముందల కూసొని వచ్చే ఊరు చూస్తరు. నేను ఎనుక నిలవడి పోయిన ఊరు చూస్త."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. పడవతో పాటు వంటమనిషి కూడా వస్తాడు. అయినా మొదటి ఏడు అమ్మకు కొబ్బరినూనె వాసన పడలేదు, జర చారు పెట్టు బిడ్డా అంది. మరో ఏడు వాన చూసి అన్నకు మిరపకాయ బజ్జీలు గుర్తొచ్చాయి. అడిగింది ఎప్పుడూ ఒక్కటే. ఆ ఒక్కటి చేయడానికి వెనక్కి వెళ్లిన వదిన, పడవ దిగే దాకా ముందుకు వచ్చేది కాదు.

"నేనేమన్న అడిగిన్నానే పిల్లా?" అంది అమ్మ.

"మీరు అడగరు అత్తమ్మా. పళ్లెం దిక్కు చూస్తరు. గంతే."

అన్న బిడ్డ ఫోను పక్కన పెట్టి అక్కడికక్కడే చట్టం చేసింది. "ఎవరికి తిండి నచ్చకపోతే వాళ్లే పోయి వండుకోవాలె. నానమ్మకు సుత ఇదే రూల్. ఓకేనా డాడీ?"

"నాకు అన్నీ నచ్చుతయ్ బిడ్డా," అన్నాడు అన్న.

"ఆ మాట మళ్లా అనుండ్రి, రికార్డు చేస్తున్న."

బయల్దేరే వారం ఇల్లంతా నువ్వుల వాసన, వేయించిన పిండి వాసన. సర్వపిండి, కారప్పూస, రైల్లోకి పులిహోర, మామిడి తొక్కు, చింతకాయ తొక్కు, వంటమనిషికి ఇవ్వడానికి పల్లినూనె డబ్బా. నా భార్య చూసి చూసి నవ్వింది.

"అక్కా, రెండు రోజులు వంట చేయొద్దని వారం రోజుల నుంచి వంట చేస్తున్నవా?"

"ఇది వంట కాదే. బందోబస్తు."

అన్న బందోబస్తు వేరు. ఏటా ఒక కొత్త జంపఖానా దుకాణం నుంచి తీసి, తాడుతో చుట్టి, భుజాన వేసుకుంటాడు. పడవలో పేము కుర్చీలుంటాయి. కానీ కుర్చీలో కూర్చుంటే అన్నం కడుపులోకి ఎట్లా పోతుందో అమ్మకు అర్థం కాదు. అందుకని పడవ ఎక్కగానే కుర్చీలన్నీ ఓ పక్కకు జరిపి, ముందు భాగమంతా జంపఖానా పరిచేస్తాం. ఎదురొచ్చే పడవల్లో వాళ్లు కుర్చీల్లో కాలు మీద కాలు వేసుకుని ఉంటారు. ఎర్రచారల జంపఖానా మీద గుండ్రంగా కూర్చున్న మమ్మల్ని చూసి, వీళ్లు భజన మొదలుపెడతారేమో అన్నట్టు కాసేపు ఆగి మరీ చూస్తారు.

ఒక పగలూ ఒక రాత్రీ రైల్లో గడిచాక, ఆ ఉదయం కూడా అలాగే పరిచాం. వదిన అందరికంటే ముందు వెళ్లి, అంచున, నీళ్లకు దగ్గరగా కూర్చుంది. ఆ చోట ఆమెను చూడడం నాకు అదే మొదటిసారి. ఏదో పెళ్లిలో మొదటి వరుసలో కూర్చోబెట్టిన మనిషిలా, చేతులు ఒళ్లో పెట్టుకుని కొంచెం బిగుసుకుని ఉంది.

పడవ కదిలింది. గుర్రపుడెక్క పచ్చగా విడిపోయి దారి ఇచ్చింది. గట్టుకు అవతల పొలాలు నీటిమట్టం కంటే కిందికి ఉన్నాయి. కొత్తగా చూసేవాళ్లకు అది వింత. అమ్మ మాత్రం ఏటా ఒకే మాట అంటుంది. "నీళ్లు పైన, మడి కింద. మన చెరువు కట్ట కింద లెక్కనే. దీంట్ల గొప్పేంది?"

మధ్యాహ్నం మొదటి భోజనం వచ్చింది. వంటమనిషి నవ్వుముఖం మనిషి. చెప్పినట్టే మా పల్లినూనె వాడాడు. లావు బియ్యం అన్నం, సాంబారు, కొబ్బరి తురుముతో బీన్సు, అప్పడాలు. తప్పు పట్టడానికి ఏమీ లేదు. కారం కూడా లేదు. అందరం తలలు వంచుకుని తిన్నాం. అన్న ఒక ముద్ద తిని, వదిన వైపు చూసి, బిడ్డ వైపు చూసి, తొక్కు సీసా తన వైపు జరుపుకున్నాడు. కాసేపటికి ఆయన సాంబారు ఎర్రగా మారింది.

"ఎట్లుంది డాడీ?"

"మస్తుంది బిడ్డా."

అమ్మ తన పళ్లెం వైపు చూడకుండా, నీళ్ల వైపు చూస్తూ తింది. ఆ ముసలామె అంత కష్టపడి కళ్లు తిప్పుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

వదిన పంతానికి గండం మా వల్ల కాదు, ఆమె వల్లేనని సాయంత్రానికి తెలిసింది. వెనక నుంచి తాలింపు వాసన వచ్చింది. వదిన ముక్కుపుటాలు కదిలాయి.

"ఆవాలు చిటపటమనకముందే కరివేపాకు ఏసిండు."

"వదినా, ముందల చూడు," అన్నాను.

"చూస్తానే ఉన్న కద."

కళ్లు ముందున్నాయి, చెవులు వెనకే ఉన్నాయి. గిన్నె మోగితే మెడ తిరిగేది. కుక్కరు కూత వేస్తే వేళ్లు లెక్కపెట్టేవి. ఒకసారి మోకాలు పైకి లేచింది కూడా.

"జర మంట చిన్నగ పెట్టుమని చెప్పి వస్త. గడప బయట్నే నిలవడి చెప్త."

"మమ్మీ, పడవకు గడప ఉండది," అంది బిడ్డ. "పోతే పోయినట్టే."

వదిన మళ్లీ కూర్చుంది. కొంగు నడుముకు చుట్టి దోపుకుంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

చీకటి పడకముందే పడవను ఒక కొబ్బరితోట పక్కన కట్టేశారు. చాయ్‌తో పాటు బజ్జీలు వచ్చాయి. అన్న ఆశగా కొరికాడు. లోపల మిరపకాయ లేదు, తియ్యటి అరటిపండు ఉంది. నా చెవి దగ్గరికి వంగాడు.

"బజ్జీల అరటిపండు పెట్టిండ్రేందిరా?"

"గట్టిగ అను అన్నా, అందరు వింటరు."

"నీకు దండం పెడ్త, ఊకో," అని ఆ బజ్జీ మొత్తం మింగాడు. వదిన అటు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదలడం చూసి మేమంతా ఒక్కసారే నవ్వాం.

రెండో రోజు పొద్దున్నుంచీ వాన. గాలి ఎక్కువగా ఉంది, పెద్ద సరస్సులోకి పోవద్దని పడవ నడిపేతను ఒక ఇరుకు కాలువలో గట్టుకు కట్టేశాడు. మధ్యాహ్నం పళ్లేలు వచ్చాయి. అమ్మ అన్నం కలిపింది. కలిపిన చెయ్యి అలాగే ఉంచి అంది:

"నాకు పచ్చిపులుసు కావాలె."

మాకందరికీ తెలియకుండానే మా కళ్లు వదిన మీదికి పోయాయి. వదిన చెయ్యి జంపఖానా మీద ఆనింది, ఒక మోకాలు లేచింది. అది ఆమె అనుకుని చేసింది కాదు. ఇన్నేళ్లుగా ఆ మాట వినగానే లేచే మోకాలు అది.

"నువ్వు కూసో," అంది అమ్మ. "చట్టం నాకెరికే. అడిగినోళ్లే చేసుకోవాలె." చెయ్యి కడుక్కుని, నేలకు చేతులు ఆనించి లేవబోయింది.

వదిన ముఖం ఎర్రబడింది. అత్తగారు వంటింట్లో ఉంటే కోడలు కూర్చుని వాన చూడడం మా ఇంట్లో ఎన్నడూ జరగలేదు. లేస్తే తన మాట పోతుంది, వచ్చే ఏడు రానన్న మాట నిలుపుకోవాల్సి వస్తుంది. లేవకపోతే మర్యాద పోతుంది.

"అత్తమ్మా, తడి ఉన్నది, జారుతరు. నేను ఒక్క నిమిషంల చేసి..."

"నిమిషమని పోయి నువ్వు ఎన్ని ఏండ్ల నుంచి రాలే," అంది అమ్మ. "కూసో అంటాన. ఒరే పెద్దోడా, లే. చెయ్యి పట్టు."

అన్న లేచాడు. నా భార్య మోచేతితో పొడిస్తే నేనూ లేచాను. అన్న బిడ్డ మా వెనక, నా భార్య ఆమె వెనక. వంటింట్లో నలుగురు నిలబడే చోటు లేదు. వంటమనిషి మా ఊరేగింపు చూసి, గోడకు అంటుకుపోయి, అమ్మకు స్టూలు జరిపాడు. ఆయన మలయాళంలో ఏదో అడిగాడు. అమ్మ తెలుగులో జవాబు చెప్పింది. ఆయన చింతపండు తీసి ఇచ్చాడు. ఎట్లా అర్థమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

అమ్మ స్టూలు మీద కూర్చుని పని పంచింది. అన్న చింతపండు పిసకడం, నేను ఉల్లిగడ్డ కోయడం, నా భార్య పచ్చిమిర్చి కాల్చడం, మనవరాలు నువ్వులు వేయించి దంచడం. జంపఖానాలు మడత పెట్టిన అన్న చేతులు చింతపండును తాడు పేనినట్టు పేనుతుంటే అమ్మ తల కొట్టుకుంది.

ముందు నుంచి వదిన గొంతు వచ్చింది. "ఉల్లిగడ్డ సన్నగ కోయుమనుండ్రి!"

"నీ పని నువ్వు చూసుకో!" అని అరిచింది అమ్మ.

"నాకేం పని ఉన్నది?"

"గదే చూసుకో!"

ఆ తర్వాత ముందు నుంచి చప్పుడు లేదు. ఉప్పు వేసేటప్పుడు అడుగుతుందనుకున్నాం. అడగలేదు. మా నువ్వులు పెనం నుంచి చిట్లి పొయ్యి మీద పడి మాడిన వాసన పడవంతా నిండింది. అప్పుడు కూడా మాట రాలేదు. నా భార్యకు భయం వేసింది. "అక్కకు కోపమొచ్చినట్టుంది," అంది మెల్లగా.

గిన్నె పట్టుకుని ముందుకు వెళ్లాం. వాన జల్లు పడకుండా వేసిన తెర పైకి చుట్టి ఉంది. వదిన అంచున కూర్చుని, కాళ్లు బయటికి చాపింది. పాదాల మీద వాన పడుతోంది. చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. మా అడుగుల చప్పుడు విని కూడా తిరగలేదు, చెయ్యి మాత్రం ఎత్తి చూపించింది.

"జల్ది రాండ్రి, జల్ది! ఒక ఇల్లు పోతాంది!"

మేం వంగి చూసేసరికి కాలువ మలుపులో ఒక చిన్న పడవ వెనక భాగం, దాని మీద తిరగేసిన మంచం కోళ్లు నాలుగు కనిపించి మాయమయ్యాయి.

"అయ్యో, పాయె. మీరు చూడలె." వదిన ఇటు తిరిగింది. "ఇల్లు మారుతాండ్రు కావచ్చు. మంచం, ఫ్రిజ్జు, గ్యాసు పొయ్యి, అన్నీ ఒక్క పడవల. ఫ్రిజ్జు మీద గొడుగు పట్టుకొని ఒకామె కూసున్నది. ఆమె ఒళ్లె కోడి. నన్ను చూసి నవ్వింది. నేను చెయ్యి ఊపిన. ఆమె ఊపుదామంటె ఒక చేతిల గొడుగు, ఒక చేతిల కోడి. కోడినే ఊపింది!"

చెబుతూ చెబుతూ నవ్వింది. ఇన్ని ఆషాఢాల్లో పడవ మీద ఏదైనా మొదట చూసి మాకు చెప్పినవాళ్లలో వదిన లేదు. ఇప్పుడు ఆమె చెబుతోంది, మేమంతా తలలు ఊపుతూ వింటున్నాం.

తర్వాత అన్నం వడ్డించింది నా భార్య. పచ్చిపులుసు పోసింది అన్న. వదిన ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. అన్న ఊపిరి బిగబట్టాడు. నేను అప్పటికే రుచి చూశాను, అన్న వేసిన ఉప్పు గట్టిగానే పడింది.

వదిన నమిలి మింగి, నా వైపు తిరిగింది. "మీ అన్నది చెయ్యి పెద్దది."

"మమ్మీ, ఇది కంప్లెయింటా?"

"కాదు బిడ్డా, పొగుడుతాన," అని ఇంకో గరిటె పోయించుకుంది. అమ్మ మూడుసార్లు పోయించుకుంది.

సాయంత్రం దాకా వదిన ఆ అంచు వదల్లేదు. వెనక గిన్నెలు మోగాయి, తాలింపులు పడ్డాయి, ఏదో మాడింది కూడా. ఒకసారి నేనే, "వదినా, ఏదో మాడుతున్నట్టుంది," అన్నాను, చూద్దామని. "మాడనీ," అంది, నీళ్ల మీద నుంచి కళ్లు తీయకుండా.

మర్నాడు పొద్దున రేవులో దిగాం. అన్న భుజాన తడిసిన జంపఖానా ఉంది, ఎక్కినప్పటికంటే రెట్టింపు బరువు. పడవల కిరాయి చూసుకునే మేనేజరు మమ్మల్ని గుర్తుపడతాడు. నవ్వుతూ హిందీలో అడిగాడు, వచ్చే ఏడు కూడా ఇదే నెలలో రాసుకోమంటారా అని.

అన్న వదిన వైపు చూశాడు. మేమంతా చూశాం. అమ్మ కర్ర మీద ఆనుకుని మరీ చూసింది. వదిన కుచ్చిళ్ల తడి పిండుకుంటోంది. తలెత్తకుండానే నాతో అంది:

"ఇంకో దినం ఎక్కువ రాసుకొమ్మను."

"ఇంకో దినమా?" అన్నాడు అన్న. "మరి దుకాణం ఎవరు చూడాలె?"

"మీ అన్నకు దుకాణం ఫికర్ ఉంటే ఆగుమను," అంది వదిన, అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కుతూ. "నేనూ అత్తమ్మా వస్తం."